పదో ఈనె దగ్గర కాసేపు

లెక్కపుల్లలకు పచ్చి కొబ్బరి ఈనె పనికిరాదు. ఎండేకొద్దీ వంకర తిరుగుతుంది, పట్టుకుంటే మెత్తగా వంగిపోతుంది. చెట్టు మీదే ముదిరి తనంతట తాను రాలిన మట్ట తీసుకోవాలి. ఆకు రెండు పక్కలా చాకుతో గీరేసి ఈనె విడదీయాలి. దాని కొస సన్నగా ఉంటుంది కాబట్టి అది చీపురుకు పోతుంది. మొదలు వైపున లావుగా ఉన్న భాగాన్ని బెత్తెడేసి ముక్కలుగా కొయ్యాలి. బెత్తెడే ఎందుకంటే, పది పుల్లలు కలిపి పట్టినా ఆరేళ్ళ పిల్ల గుప్పెట్లో ఇమడాలి. అన్నీ ఒకే పొడవుండాలి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అయితే పిల్ల కన్ను ఎన్ని ఉన్నాయో వదిలేసి ఏది పెద్దదో చూస్తుంది. కోసిన చివర్లు అరుగు గచ్చు మీద రుద్ది నున్నగా చేస్తే పుల్ల తయారు.

రాజోలు వైపు ఒక ఊళ్ళో మా పెద్దమ్మ తన మనవరాలికి ఇలాంటి పుల్లలతో ఇంట్లో లెక్కలు చెబుతుంది. ఆవిడ ఎక్కడా టీచరుగా పనిచెయ్యలేదు. ఒక పాత బిస్కెట్ల డబ్బా, అందులో వంద పుల్లలు, కొబ్బరి పీచుతో పేనిన సన్నటి తాళ్ళు పది, గుప్పెడు చింతపిక్కలు, నాలుగు గవ్వలు. సరంజామా అంతా ఇదే. ఆ తాడు ముడి కూడా చూడదగ్గదే. అది జారుముడి. ఒక కొస లాగితే కట్ట మొత్తం విడిపోతుంది. రబ్బరు బ్యాండు వేస్తే పోదా అని నేనంటే, అది తియ్యడానికి పిల్లకి నా చెయ్యి కావాలి, కట్టడమూ విప్పడమూ దానికదే చేసుకోవాలి అంది. ఆ మాటలో ఎంత లెక్క ఉందో తర్వాత గాని అర్థం కాలేదు.

మొదట చాలాకాలం పుల్లలు డబ్బాలోనే ఉంటాయి, అంకెలు పలక ఎక్కవు. చింతపిక్కలు మాత్రం బయటికొస్తాయి. పెద్దమ్మ మూడో నాలుగో పిక్కలు నేల మీద చల్లి, చూపు పడీ పడగానే అరచెయ్యి అడ్డం పెట్టి, "ఎన్నమ్మా?" అంటుంది. వేలు పెట్టి లెక్కపెట్టే వ్యవధి ఇవ్వదు. మనిషి కన్ను లెక్కపెట్టకుండా పోల్చుకోగలిగేది ఇంచుమించు నాలుగు దాకానే. ఆ పైన చూపు కూడా విడగొట్టుకుని చూడాల్సిందే. ఆరు పిక్కలు పడితే పిల్ల మూడూ మూడూ అంటుంది, ఏడు పడితే నాలుగూ మూడూ అంటుంది. కూడిక అన్న పేరు వినకముందే కూడిక అలా నోట్లోకి వస్తుంది. నాలుగింటికి మనవాళ్ళు పుంజీ అని ప్రత్యేకంగా పేరు పెట్టుకున్నది ఊరికే కాదనిపిస్తుంది నాకు.

పిక్కల తర్వాత అష్టాచమ్మా. ఆటే కదా అని చూస్తే ఆట, కానీ పాఠంగా చూస్తే దాని అమరిక గట్టిది. నాలుగు గవ్వలు వేస్తే మూడు వెల్లకిలా పడ్డాయంటే ఒకటి బోర్లా పడ్డట్టే, రెండు వెల్లకిలా అంటే రెండు బోర్లా. పందెం పడిన ప్రతిసారీ నాలుగు రెండు ముక్కలై కనిపిస్తుంది. అన్నీ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు. అన్నీ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. ఈ రెండింటికీ మళ్ళీ వేసే హక్కు ఉంది కాబట్టి వచ్చినదానికి ఇంకోటి కలపాలి. పటం అయిదు వరసలు, వరసకు అయిదు గళ్ళు. చుట్టూ పదహారు గళ్ళు, లోపల ఎనిమిది, నడుమ పండే గడి ఒకటి.

ఈ గళ్ళ మీదే పెద్దమ్మ ఒక తప్పును పట్టుకుంటుంది. పిల్ల కాయ ఆరో గడిలో ఉంది, మూడు పడింది. పిల్ల తానున్న గడినే ఒకటిగా పెట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని ఎనిమిదో గడిలో ఆగుతుంది. ఆరుకు మూడు కలిపితే ఎనిమిది అని పలక మీద రాసే పిల్లలు చేసే తప్పు కూడా సరిగ్గా ఇదే. ఆరు దగ్గరే లెక్క మొదలుపెట్టి ఆరు, ఏడు, ఎనిమిది అనేస్తారు. పలక మీద అది జవాబు తప్పుగా మాత్రమే కనబడుతుంది, ఎక్కడ జారిందో తెలియదు. పటం మీద కాలు ఎక్కడ జారిందో కళ్ళముందే ఉంటుంది. "నిలబడ్డ చోటు అడుగెలా అవుతుందే? కదిలితే కదా అడుగు!" అంటుంది పెద్దమ్మ. ఆ ఒక్క మాట పట్టుబడేదాకా ఆటలోంచి పలక మీదికి పోనివ్వదు.

ఇక పుల్లలు. డబ్బా తెరిచి పది పుల్లలే తీస్తుంది. పదకొండోది బయటికి రాదు. పది వరసగా పరిచి, పిల్ల కళ్ళు మూసుకోగానే కొన్ని తీసి గుప్పెట్లో దాస్తుంది. నేల మీద ఏడున్నాయి, గుప్పెట్లో ఎన్ని? మొదట్లో పిల్ల ఎనిమిది, తొమ్మిది, పది అని వేళ్ళు మడిచి చెబుతుంది. అది సరైన జవాబే. అయినా పెద్దమ్మకు చాలదు. తొమ్మిదీ ఒకటీ, ఎనిమిదీ రెండూ, ఏడూ మూడూ, ఆరూ నాలుగూ, అయిదూ అయిదూ. ఈ అయిదు జంటలు వేలు మడవకుండా, పుల్ల తాకకుండా, అడిగిన తక్షణం రావాలి. ఈరోజు వస్తే చాలదు, మధ్యలో ఒక రోజు విడిచి మళ్ళీ అడిగినా రావాలి. అంతవరకూ కట్ట కట్టడం లేదు.

ఇక్కడే ఇంట్లో గొడవ. బడిలో పాఠం యాభై దాటింది, పక్కింటి పిల్ల వంద దాకా గడగడా చదువుతోంది, మన పిల్ల ఇంకా పది దగ్గరే ఉందేంటని కొడుకూ కోడలూ అడుగుతారు. అడగడం తప్పని నేననను. కానీ ఈ ఆలస్యంలో ఉన్న పొదుపు చూడండి. ఎనిమిదికి అయిదు కలపాలంటే ఎనిమిదిని పది చెయ్యడానికి రెండు కావాలి, అయిదులోంచి ఆ రెండూ తీస్తే మూడు మిగులుతుంది, పదమూడు. జంటలు నాలుక చివర ఉన్న పిల్లకు ఇది ఒక్క ఊపులో అయిపోతుంది. లేని పిల్ల ఎనిమిది నుంచి అయిదు వేళ్ళు మడుస్తూ పోతుంది, పెద్ద తరగతికి వెళ్ళినా బల్ల కింద వేళ్ళు కదులుతూనే ఉంటాయి. వంద దాకా చదవడం వేరు, పదిని లోపలినుంచి ఎరగడం వేరు.

జంటలు వచ్చిన రోజున మొదటి ముడి. పిల్లే పది పుల్లలు కూర్చి, తాడు చుట్టి, జారుముడి వేస్తుంది. ఇప్పుడు పదకొండో పుల్ల బయటికొస్తుంది, కట్ట పక్కన విడిగా పడుతుంది. పదకొండు నుంచి పందొమ్మిది దాకా నడక మళ్ళీ నెమ్మదే. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని పేర్లే దారి చూపిస్తాయి. పదకొండు, పన్నెండు అలా కావు, ముక్కలు అతుక్కుపోయి ఉన్నాయి. అందుకని పెద్దమ్మ కొన్నాళ్ళు రెండు పేర్లూ కలిపి అనిపిస్తుంది: "పదీ ఒకటీ, పదకొండు. పదీ రెండూ, పన్నెండు." మా ప్రాంతంలో ఈ అంకెకు మంచి సాయం ఒకటుంది. కనుమ నాడు అంబాజీపేట దగ్గర మొసలపల్లి జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు వస్తాయి, అవి పదకొండు. తాత భుజమెక్కి ప్రభల్ని లెక్కపెట్టిన పిల్లకు ఆ అంకె మరి తడబడదు. మూడు పదులు దాటాక పాఠం పరుగే. అక్కడ పెద్దమ్మ పగ్గం వదిలేస్తుంది, కొన్నాళ్ళకే తొంభైలూ వచ్చేస్తాయి.

పాఠం పొడవు ఎంతంటారా? కుక్కరు మూడు కూతలు. పొయ్యి మీద అన్నం పెట్టి కూర్చుంటుంది, మూడో కూతకు లేస్తుంది. ఆ కాస్త వేళకూ ఒక వరస ఉంది. ముందు నిన్నటివి, మొన్నటివి, పిల్లకు బాగా వచ్చినవి. నడుమ కొత్తది ఒక్కటే. చివర మళ్ళీ సులువైనది, ఎందుకంటే రాని లెక్కతో పాఠం ముగిస్తే రేపు డబ్బా చూడగానే పిల్ల మొహం మాడుతుంది. పిల్ల ఇంకోటి అడుగు నాయనమ్మా అన్నా సరే, కూత అయిందంటే అయినట్టే. ఒకవేళ కొత్తది రెండు రోజులు వరసగా తన్నేస్తే మూడో రోజు దాన్ని తలవదు. ఒక మెట్టు దిగి, పాతదాన్నే ఇంకో వేషంలో అడుగుతుంది.

1954లో జపాన్‌లోని ఒసాకాలో తోరు కుమోన్ అనే హైస్కూలు లెక్కల మాస్టారు, రెండో తరగతి చదివే కొడుకు కోసం రోజూ చేత్తో కాగితాల మీద లెక్కలు రాసి ఇచ్చేవారు. ఒక కాగితానికీ తర్వాతి కాగితానికీ మధ్య తేడా అతి స్వల్పం, పిల్లవాడు తనంతట తాను దాటగలిగేంత. ఆ కాగితాలే తర్వాత ప్రపంచమంతా పాకిన కుమోన్ పద్ధతి అయ్యాయి. వ్యాపారం సంగతి పక్కన పెడితే, ఆ తండ్రి చేసిన పనిలో అసలు నైపుణ్యం లెక్కలు రాయడంలో లేదు, ఆ తేడా ఎంతుండాలో కొలవడంలో ఉంది. పెద్దమ్మ కాగితం వాడదు గాని ఆ కొలత మాత్రం ఆవిడ దగ్గరా ఉంది.

అంకెలు రాయడం ఇసుకలో మొదలవుతుంది. అంచున్న పళ్ళెంలో జల్లించిన గోదావరి ఇసుక పల్చగా పరుస్తారు. మందంగా ఉంటే గీత పక్కలనుంచి కూలిపోతుంది, మరీ పల్చనైతే పళ్ళెం అడుగు కనిపించి గీత తెలియదు. చూపుడువేలితో రాయాలి. తప్పు పోతే పళ్ళెం ఒకసారి కుదిపితే చాలు, మచ్చ ఉండదు, కొట్టివేత ఉండదు. పలక కన్నా ఇది మేలని నా అభిప్రాయం, ఎందుకంటే వేలికి ఇసుక గరుకు తగులుతుంది, అంకె మలుపు చేతికే గుర్తుంటుంది.

ఈ ఇసుక చాలా దూరం వెళ్ళింది. మద్రాసు ఎగ్మూరులో సైనికుల అనాథ బాలుర ఆశ్రమాన్ని నడిపిన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు పాదిరీ, ఇక్కడి వీధిబడి పిల్లలు ఇసుకలో రాయడం చూసి, దాన్నీ, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పే పద్ధతినీ తన బడిలో పెట్టి 1797లో లండన్‌లో పుస్తకంగా ప్రకటించాడు. మద్రాసు పద్ధతి పేరుతో అది ఇంగ్లండు బడుల్లోకి పోయింది. 1822లో గవర్నరు మన్రో జిల్లాల్లోని బడుల వివరాలు పంపమన్నప్పుడు బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ మరుసటి ఏడు రాసిన నివేదికలో ఈ రెండింటినీ మెచ్చుకున్నాడు. ఇంగ్లీషులో తెలుగు వ్యాకరణం రాసినాయన ఈయనే. ఆయన నమోదు చేసిన ఒక వింత మాత్రం మరిచిపోలేం. పొద్దున్నే అందరికన్నా ముందు బడికి వచ్చినవాడి అరచేతిలో సరస్వతి అని రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, మెప్పూ లేదు తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, అలా ఒక్కొక్కటీ పెరుగుతూ పోతుంది. దెబ్బల్ని సమర్థించను గానీ, సున్న అంటే ఏమిటో ఆ రెండోవాడికి ఎవరూ విడిగా చెప్పక్కర్లేదు.

పెద్దపిల్ల చిన్నపిల్లకు చెప్పడం ఆ ఇంట్లో ఇప్పటికీ ఉంది. మూడో తరగతి చదివే అన్నయ్య చెల్లెలికి తీసివేత చెబుతాడు. నలభై రెండులోంచి పదిహేడు తియ్యాలి. నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ పెడతారు. రెండులోంచి ఏడు పోదు. బడిలో అయితే "పక్క నుంచి ఒకటి అప్పు తెచ్చుకో" అంటారు, ఆ ఒకటి దారిలో పది ఎలా అయిందో చెప్పరు. ఇక్కడ చెల్లెలు ఒక కట్ట తీసుకుని ముడి కొస లాగుతుంది. పది పుల్లలు జారి విడి పుల్లల్లో కలుస్తాయి, ఇప్పుడు విడివి పన్నెండు. ఏడు తీస్తే అయిదు. మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీస్తే రెండు. ఇరవై అయిదు. అప్పు లేదు, మాయ లేదు, ఎక్కడినుంచో ఏదీ రాలేదు. ఉన్న నలభై రెండే వేరే కూర్పులో ఉంది. జారుముడి ఎందుకన్న ప్రశ్నకు జవాబు ఇదే. అన్నయ్యకు అక్కడ బోధించే అవసరమే పడలేదు, చెల్లెలు వేసిన మొదటి ప్రశ్నకు మాత్రం తడబడ్డాడు: కట్ట విప్పకుండా ఏడు తియ్యలేమా? కట్టలోంచి ఏడు లాగేస్తే మూడు మిగులుతాయి, ఆ మూడూ ఉన్న రెండూ కలిస్తే అయిదే కదా! ఆ దారి కూడా సరైనదే, ఇంకా పొట్టిది కూడా. పదికి జంటలు వచ్చిన పిల్లకే అది తోస్తుంది.

అన్నయ్యది ఇప్పుడు ఎక్కాల దశ. "మూడు నాలుగులు పన్నెండు" అన్న వాక్యంలో క్రియ లేదు, మూడే మాటలు. నోటికి ఇంతకన్నా పొదుపైన అచ్చు దొరకదు. "టూ టూజా ఫోర్" అనే పిల్లలకు ఆ 'జా' ఏమిటో ఎవరు చెప్పాలో నాకు తెలియదు. 1832లో పుదూరు సీతారామశాస్త్రి బాలశిక్ష రాసిన నాటినుంచీ మన ఇళ్ళలో అక్షరాలతో పాటు లెక్కలూ ఒకే అట్ట కింద ఉంటూ వచ్చాయి. వల్లెవేత మీద ఈమధ్య చాలా నింద పడింది. కొంత న్యాయమే. ఏడో ఎక్కంలో ఎనిమిది అడిగితే ఏడొకట్ల దగ్గర్నుంచి ఎత్తుకునే పిల్లకు ఎక్కం పాటగా వచ్చింది గాని లెక్కగా రాలేదు. పెద్దమ్మ మందు ఏమిటంటే, పాట పూర్తయ్యాక నడుమనుంచి అడగడం, ఆపైన తిరగేసి అడగడం: "నలభై రెండు ఎవరింట్లో ఉంది?" ఆరింటా ఉంది, ఏడింటా ఉంది అని రావాలి.

ఆవిడ ఎక్కాలు ఎత్తుకునే వరస పుస్తకం వరస కాదు. రెండు, పది, అయిదు ముందు. దీనివెనక లెక్క కాగితం మీద వేసి చూస్తే ముచ్చటేసింది. పదో ఎక్కం దాకా పదేసి వరసలంటే వంద. ఒకటో ఎక్కం, పదో ఎక్కం, వాటి తిరగేతలు తీసెయ్యండి. మూడు నాలుగులూ నాలుగు మూళ్ళూ ఒకటేనని పుల్లలు వరసలుగా పేర్చి అటునుంచీ ఇటునుంచీ చూపిస్తే మిగిలేవి ముప్పై ఆరు. అందులో రెండో ఎక్కానివి ఎనిమిది పోతే ఇరవై ఎనిమిది. అయిదో ఎక్కానివి ఏడు పోతే ఇరవై ఒకటి. మూడు మూళ్ళు, ఏడేళ్ళు లాంటి సొంత జంటలు ఆరు, పిల్లలకు ఎందుకో ఇవి త్వరగా అంటుకుంటాయి. అవి పోతే పదిహేను. తొమ్మిదో ఎక్కానికి కట్టలున్నాయి: ఏడు కట్టలు పెట్టి, ఒక్కో కట్టలోంచి ఒక్కో పుల్ల తీస్తే డెబ్బైలోంచి ఏడు, అరవై మూడు. ఆ అయిదూ పోతే మిగిలినవి పది. మూడు, నాలుగు, ఆరు, ఏడు, ఎనిమిది తమలో తాము జతకట్టినవి అంతే. వంద వరసల భయం పది జవాబుల పనిగా తేలింది. ఆ పదీ వారానికి ఒకటి చొప్పున గోడ క్యాలెండరు మీద పెన్సిలుతో రాసి ఉంటాయి. ఏడు ఎనిమిదులు యాభై ఆరు మీద మాత్రం ఇంకో వారం పొడిగింపు ఉంది.

లెక్కల్లోకి ఊరు వస్తుంది. దింపు తీసేవాళ్ళు గెలకు ఇన్ని కాయలు దించారు, ఒలుపువాళ్ళు ఇన్ని ఒలిచారు, రాశిలో ఎన్ని మిగిలాయి? ఇది కొత్త సంగతేం కాదు. రాజరాజనరేంద్రుడి నుంచి పిఠాపురం దగ్గర నవఖండవాడ అగ్రహారం పొందినట్టు చెప్పే పావులూరి మల్లన కుటుంబం మనకు దగ్గరదే. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినప్పుడు మల్లన ఉదాహరణల్ని కూడా తన చుట్టూ ఉన్న జనానికి తగ్గట్టు మార్చుకున్నాడు.

పెద్దమ్మ వంటింట్లో ఇంకా ఇత్తడి కొలతలున్నాయి. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. కుంచాన్ని ఒకటి అనుకుంటే అడ్డ అర, మానిక పావు, తవ్వ పరక, సోల వీసం, అంటే పదహారో వంతు. పాత రూపాయీ ఇలాంటిదే. అర్ధరూపాయి అర, పావలా పావు, బేడ పరక, అణా వీసం. గిద్ద కుంచంలో అరవై నాలుగో వంతైతే కాని రూపాయిలో అరవై నాలుగో వంతు. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా కొట్లోనూ వంటింట్లోనూ పిల్లలు చూసింది ఒకే నిచ్చెన.

ఈ నిచ్చెనకు రాత కూడా ఉండేది. పావుకు ఒక నిలువు గీత, అరకు రెండు, ముప్పావుకు మూడు. వీసానికి ఒక అడ్డగీత, పరకకు రెండు, మువ్వీసానికి మూడు. అంటే పదహారింట పదకొండు రాయాలంటే రెండు నిలువు గీతలు, మూడు అడ్డగీతలు. గీత నిలబడిందా పడుకుందా అన్నదాన్ని బట్టే దాని స్థానం తెలుస్తుంది. చైనావాళ్ళు పూర్వం లెక్కపుల్లలతో ఒకట్లు నిలువుగా, పదులు అడ్డంగా పేర్చినది కూడా ఈ ఉపాయమే. ఈ తెలుగు గుర్తులకు 2008లో యూనికోడ్‌లో చోటు దొరికింది. చూస్తే కొబ్బరి ఈనెలతో పేర్చడానికి వీటికన్నా అనువైనవి లేవు.

ఆ సంగతి ఉత్సాహంగా పిల్లకు చెప్పబోతే పెద్దమ్మ అడ్డుకుంది. పిల్ల ఇప్పుడిప్పుడే నూకలతో సోల నింపి, చేత్తో అంచు సమం చేసి, తవ్వలోకి రెండుసార్లు ఒంపుతోంది. రెండోసారికి తవ్వ ఎప్పుడూ నిండట్లేదు, ఎందుకంటే సగం నూకలు గచ్చు మీదే పోతున్నాయి. "ముందు ఇవి కింద పొయ్యకుండా కొలవనీ నాయనా, వీసాలూ పరకలూ ఎక్కడికీ పోవు" అంటూ చేట తెచ్చి, ఒలికినవి ఎత్తి మళ్ళీ పిల్ల ముందే పెట్టింది.